విలాసనౌకల వెంట నడచు పనినౌకలు

మధ్యధరా సముద్రతీరమున మొనాకో, ఆంటీబ్ మొదలగు రేవులయందు వేసవి దినములలో లంగరు వేసియుండు యాచ్‌లను, అనగా మహాధనవంతుల విహారనౌకలను, చూచువారి దృష్టి వాని తెల్లని పార్శ్వములమీదను, మెట్లు మెట్లుగా లేచిన అంతస్తులమీదను నిలుచునే గాని, అల్లంత దూరమున, వెనుకభాగమంతయు బయలుగా విడువబడి, ఆ బయలునందు చిన్నపడవలు వరుసలు దీరియుండ, ప్రక్కనొక పెద్ద క్రేను నిలిచియున్న రెండవ ఓడమీదికి పోవుట అరుదు. మొదటి ఓడ ఏ రేవునకు పోయినను ఆ రేవునకు ముందుగానో వెనుకగానో ఈ రెండవది చేరును. పూర్వము మన జమీందారులు సవారి వెడలినపుడు డేరాలు, వంటపాత్రలు, ధాన్యము మోయు బండ్లు తెల్లవారకమునుపే బయలుదేరి, ప్రభువు మజిలీ చేరునప్పటికి సర్వము సిద్ధముచేసి యుంచెడివి. సముద్రముమీద ఈ సహాయనౌకలు చేయు పనియు అట్టిదే.

యాచ్‌లో చోటు చాలని టెండర్ పడవలు, అనగా తీరమునకు రాకపోకలు చేయు చిన్నపడవలు, నీటిస్కూటర్లు, చిన్న జలాంతర్నౌకలు, హెలికాప్టరు, దాని ఇంధనము, ఈతగాండ్రకు వలసిన గాలిసీసాలు, వీనినన్నిటిని నడపుటకు వలసిన పనివారు, ఇవన్నియు సహాయనౌకమీద ప్రయాణము చేయును. ఇట్టి ఓడను చూచినపుడు శాస్త్రజిజ్ఞాసువునకు తోచవలసిన ప్రశ్న యొకటి కలదు. ఇది విహారనౌకయా? సరకుల ఓడయా? ప్రయాణికుల ఓడయా? ఈ ప్రశ్న పండితుల కాలక్షేపమునకై పుట్టినది కాదు. ఓడ అడుగున నీరు చొచ్చినచో ఎన్ని గదులు నిండువరకు అది తేలియుండవలెను, ఎందరికి సరిపోవు ప్రాణరక్షణపడవలు ఉండవలెను, గోడలు ఎంతసేపు మంటను ఆపవలెను, కెప్టెన్ ఏ పరీక్ష నిచ్చినవాడై యుండవలెను అను విషయములన్నియు ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముమీదనే ఆధారపడియున్నవి.

పనినౌకల వంశము

సహాయనౌకలకు పూర్వులు విహారనౌకలు కావు. సముద్రగర్భమునుండి చమురు తీయు వేదికలకు సామగ్రి చేరవేయు సరఫరానౌకలు. ముందుభాగమున ఎత్తైన నివాసగృహము, దాని వెనుక పల్లముగా, పొడవుగా సాగిన బయలు డెక్కు, ఇవి ఆ జాతి లక్షణములు. కాకినాడ రేవునుండి కృష్ణా గోదావరి బేసిన్‌లోని చమురు, సహజవాయు క్షేత్రములకు గొట్టములు, ఇంధనము, మంచినీరు, ఆహారపదార్థములు తీసికొనిపోవు ఓడలను చూచిన తెలుగువారికి ఈ ఆకారము క్రొత్త కాదు. యాచ్‌ల సేవకు మొదట వినియోగింపబడిన ఓడలలో పెక్కు ఇట్టి పాత సరఫరానౌకలకు మార్పులు చేసి రంగు వేసినవే.

ప్రత్యేకముగా ఈ పనికే కట్టబడినవానిలో ప్రసిద్ధమైనది గోల్డెన్ షాడో. 1990 దశకమున సౌదీ రాజకుమారుడు ఖాలిద్ బిన్ సుల్తాన్ తన గోల్డెన్ ఒడిస్సీ యాచ్‌నకు తోడుగా ఈ 67 మీటర్ల నౌకను కట్టించెను. దాని వెనుకభాగమున నీటిమట్టమువరకు దిగి మరల పైకి లేవగల వేదికయొకటి యుండి, దానిమీద ఒక నీటివిమానము నిలుపబడుచుండెను. అయితే ఆ నౌకకు శాశ్వతమైన కీర్తి తెచ్చినది విలాసము కాదు. ఆ రాజకుమారుడు నెలకొల్పిన లివింగ్ ఓషన్స్ ఫౌండేషన్ వారు 2011లో ఆరంభించిన ప్రపంచ పగడపుదిబ్బల పరిశోధనయాత్రకు ఇదియే ఆధారనౌకయై, శాస్త్రజ్ఞులను మోసికొని సముద్రములు తిరిగినది. ఒకే ఓడ ఒకనాడు ప్రభువు పడవలను మోయును, మరియొకనాడు శాస్త్రజ్ఞులను మోయును. చట్టము దానిని ఏ పేరున పిలువవలెనన్న చిక్కు ఇక్కడనే మొదలగుచున్నది.

తరువాత ఈ పనికై ఓడలను వరుసగా కట్టుటకు పూనుకొన్నవారిలో నెదర్లాండ్స్ దేశపు డామెన్ సంస్థవారు ముఖ్యులు. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయమున కోయినింగ్ అను ఆచార్యుని పరిశోధనవలన రూపొందిన గొడ్డలిముక్కు ఆకారమును వారు ఈ ఓడలకు వాడిరి. సాధారణముగా వేగముగా పోవు ఓడ ముందుభాగము పైకి విప్పారి యుండును. అది అలమీదికి లేచి మరల నీటిమీద పడునపుడు పెద్ద చరుపు తగులును. ముక్కును నిలువుగా, సన్నముగా, నీటిలోనికి లోతుగా దింపినచో, ఓడ అలమీదికి ఎక్కుటకు మారుగా దానిని చీల్చుకొనిపోవును. చరుపు తగ్గును, లోపలి మనుష్యులకును, డెక్కుమీద కట్టిన పడవలకును కుదుపు తగ్గును. స్పెయిన్ దేశమున ఆర్మోన్ నౌకానిర్మాణశాలలో 2019లో పూర్తియైన హోడోర్ అను 66 మీటర్ల నౌక మరియొక మార్గమును పట్టినది. అది రెండు సన్నని పొట్టలమీద నిలిచిన కాటమరాన్. పొడవు పెంచకయే వెడల్పైన డెక్కును పొందుట దాని యుక్తి.

కొలత మొదటి న్యాయాధిపతి

ఓడయొక్క హోదాను నిర్ణయించు మొదటి సంగతి దాని అందము కాదు, యజమాని పేరు కాదు, దాని గ్రాస్ టన్నేజి. ఈ మాట వినినవారు ఇది ఓడ బరువని తలతురు. బరువునకును దీనికిని సంబంధము లేదు. 1969 నాటి అంతర్జాతీయ టన్నేజి ఒప్పందము ప్రకారము, ఓడలోని మూతపడిన గదులన్నిటి ఘనపరిమాణమును ఘనమీటర్లలో కొలిచి, పది ఆధారముగా ఆ సంఖ్యయొక్క లాగరిథమును 0.02 చేత గుణించి, దానికి 0.2 కలిపి, వచ్చినదానిచేత మరల ఆ ఘనపరిమాణమును గుణించినచో గ్రాస్ టన్నేజి తేలును. పదివేల ఘనమీటర్ల ఓడను తీసికొందము. 10,000 యొక్క లాగరిథము 4, నాలుగును 0.02 చేత గుణింపగా 0.08, దానికి 0.2 కలుపగా 0.28, కావున ఆ ఓడ గ్రాస్ టన్నేజి 2,800. ఇదే లెక్కను వెనుకకు నడపినచో, 500 గ్రాస్ టన్నేజి కల ఓడలో మూతపడిన చోటు ఇంచుమించు 1,880 ఘనమీటర్లని తెలియును.

ఈ 500 అను సంఖ్యకు నౌకాశాస్త్రమున గొప్ప మహిమ కలదు. 1912లో టైటానిక్ మునిగిన పిమ్మట 1914లో లండనునందు తొలిసారి కుదిరి, పలుమారులు మార్పు చెంది, నేడు 1974 నాటి రూపమున అమలులోనున్న సోలాస్ అను సముద్ర ప్రాణరక్షణ ఒప్పందము, అంతర్జాతీయ ప్రయాణము చేయు సరకుల ఓడలలో 500 గ్రాస్ టన్నేజికి లోబడినవానిని తన ముఖ్యనిబంధనలనుండి విడిచిపెట్టినది. ఆ గడప దాటిన ఓడకు నిర్మాణము, అగ్నిరక్షణ, ప్రాణరక్షణసామగ్రి, భద్రతానిర్వహణ అన్నియు ఒక్కమారుగా కఠినతరమగును. దానికి దిగువను మరికొన్ని గడపలు కలవు: భారరేఖ కొలతలో 24 మీటర్ల పొడవు చేరిన క్రొత్త ఓడ, నీటిలో ఎంతవరకు మునుగవచ్చునో నిర్ణయించు భారరేఖల ఒప్పందమునకు లోబడును, 300 చేరిన ఓడ అంతర్జాతీయ ప్రయాణమున తన ఉనికిని తానే ప్రకటించు స్వయంచాలక గుర్తింపు యంత్రమును మోయవలెను, 400 చేరినచో మార్పోల్ అను కాలుష్యనివారణ ఒప్పందము క్రింద నూనె కాలుష్య నివారణపత్రము పొందవలెను.

సహాయనౌకకు వెనుక బయలు డెక్కు ఏల యుండునో ఇప్పుడు పాఠకునకు బోధపడగలదు. యాచ్‌లోపల పడవలకు గది కట్టినచో ఆ గది ఘనపరిమాణమంతయు గ్రాస్ టన్నేజిలో చేరును. ఆ మేరకు నియమములు బరువగును, వ్యయము పెరుగును, అతిథుల గదులకు చోటు తగ్గును. పైకప్పు లేని డెక్కుమీద అవే పడవలను నిలిపినచో, ఆ డెక్కు మూతపడిన చోటు కాదు గనుక, లెక్కకు రాదు. ఒక కొలత విధానము ఓడల రూపమునే ఎట్లు మలచునో తెలుపుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు. నియమము ఓడను వర్ణించుటతో ఊరకొనదు; దానిని తీర్చి దిద్దును.

పదుమువ్వురవ ప్రయాణికుడు

కొలత తరువాతి ప్రశ్న, ఓడమీద నున్న మనుష్యులు ఎవరనునది. కెప్టెనును, కళాసులును, ఓడ పనిమీద ఏ విధముగానైనను నియమింపబడినవారును, ఏడాది నిండని శిశువులును తప్ప తక్కినవారందరు ప్రయాణికులని సోలాస్ నిర్వచనము. పండ్రెండుగురికి మించి ప్రయాణికులను మోయు ఓడ ప్రయాణికుల ఓడ. ప్రయాణికుల ఓడ కానిదంతయు సరకుల ఓడ. ఈ విభజనలో సహాయనౌక అను మూడవ పేరునకు తావు లేదు. పదుమువ్వురవ ప్రయాణికుడు డెక్కుమీద కాలు మోపిన క్షణమున చట్టము దృష్టిలో ఆ ఓడ వేరొక ఓడయగును. నీరు చొచ్చినపుడు తేలియుండు శక్తి, ప్రాణరక్షణపడవల సంఖ్య, అగ్నిని ఆపు గోడల ఏర్పాటు, అన్నియు మారవలసియుండును.

సహాయనౌకమీద నున్న పైలట్లు, డైవింగ్ నేర్పువారు, జలాంతర్నౌక నడపువారు, యాచ్‌లో చోటు లేక ఇచ్చట నిదురించు వంటవారు, పరిచారికలు ఎవరు? ఈ ఓడ పనిమీద నున్నవారా, లేక పొరుగు ఓడ పనివారై ఇందులో ప్రయాణికులా? హెలికాప్టరు ఈ ఓడమీదనే నిలిచి ఈ ఓడనుండియే ఎగురుచున్నచో దాని పైలట్ ఈ ఓడ పనివాడని వాదించుట సులభము. యాచ్‌లో భోజనము వడ్డించి రాత్రికి మాత్రము ఇచ్చటికి వచ్చి పడుకొను పరిచారిక విషయమున అట్టి వాదము నిలుచుట కష్టము. కావుననే ఓడ గీతలు గీయకమునుపే యజమాని పక్షమువారు పతాకరాజ్యపు, అనగా ఓడ ఎగురవేయు పతాకము ఏ రాజ్యముదో ఆ రాజ్యపు, అధికారులతో కూర్చుండి, మంచముల లెక్క వేసి, ఎవరిని ఏ పేరున వ్రాయవలెనో నిర్ణయించుకొనవలసియున్నది.

ఇట్టి చిక్కులను ముందే ఎరిగిన అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అనగా లండనులోని ఐ.ఎం.ఓ., ప్రత్యేక ప్రయోజన నౌకల కోడును, అనగా నియమావళిని, సిద్ధపరచినది. దాని తొలిరూపము 1983 నాటిది, నేటిరూపము 2008 నాటిది. తన విశేషమైన పనికొరకు పండ్రెండుగురికి మించి ప్రత్యేక సిబ్బందిని మోయు 500 గ్రాస్ టన్నేజికి తక్కువ కాని ఓడలు దీని పరిధిలోనివి. పరిశోధన చేయు శాస్త్రజ్ఞులు, శిక్షణ పొందు విద్యార్థులు ఈ ప్రత్యేక సిబ్బందికి ఉదాహరణములు. వీరు శరీరదార్ఢ్యము కలవారు, ఓడ అమరిక నెరిగినవారు, ఆపద వచ్చినపుడు ఏమి చేయవలెనో కొంత నేర్చినవారు. కావున వృద్ధులను, పిల్లలను, ఓడ నెరుగని యాత్రికులను మోయు ఓడకు విధించిన నియమములన్నియు వీరి ఓడకు అనవసరమని ఆ కోడు ఆశయము. ఓడమీది జనసంఖ్య అరువదికి మించనంతవరకు ప్రాణరక్షణసామగ్రి విషయమున సరకుల ఓడ నియమములు చాలును. అరువది దాటినచో ప్రయాణికుల ఓడ నియమములు వచ్చి చేరును. పగడపుదిబ్బలను పరీక్షింపబోవు శాస్త్రజ్ఞులకు ఈ ద్వారము తెరచియున్నది. యజమాని అతిథులకు మాత్రము మూసియున్నది. ఏలయనగా వారు పనికి వచ్చినవారు కారు, వేడుకకు వచ్చినవారు. 2024 జూలై 1న సోలాస్‌లో పదునైదవ అధ్యాయముగా అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సిబ్బంది కోడు సైతము సముద్రముమీది గాలిమరలు, చమురు వేదికలు మొదలగు పరిశ్రమలకు పోవు పనివారికి ఉద్దేశింపబడినదే గాని యాచ్ పరిచారకులకు కాదు.

విహారమా, వ్యాపారమా?

వ్యాపారమున నిమగ్నము కాని విహారనౌకలను సోలాస్ విడిచిపెట్టినది. 1966 నాటి భారరేఖల ఒప్పందము కూడ వానిని విడిచిపెట్టినది. ఒక మనుష్యుడు తన ధనముతో, తన కుటుంబముతో, తన ఓడమీద సముద్రమున తిరుగుచు ఎవరియొద్దను ధనము పుచ్చుకొననపుడు, వర్తకనౌకకు తగిన నియమములను అతనిమీద మోపుట ఉచితము కాదని ఆ ఒప్పందములు వ్రాసినవారి భావము. బ్రిటిష్ చట్టమున విహారనౌకకు ఇచ్చిన నిర్వచనము సైతము యజమానియొక్కయు, అతని దగ్గరి బంధువులు, స్నేహితులయొక్కయు వినోదమునకు మాత్రమే వినియోగపడు ఓడ అని చెప్పుచున్నది. యాచ్ విషయమున ఇది సరిపోవును. సహాయనౌకమీద యజమాని కాలు పెట్టక నెలలు గడచిపోవచ్చును. క్రేను క్రింద పని జరుగును, ఇంధనము నింపుట జరుగును, రాత్రిపూట తుపానులో రేవునుండి రేవునకు ప్రయాణము జరుగును. ఇందు వినోదము యజమానిది, శ్రమ కళాసులది. శ్రమ చేయువారి ప్రాణమునకు వినోదముపేర మినహాయింపు ఇయ్యవచ్చునా అనునది ఈ విషయమంతటిలోను నాకు మిక్కిలి ముఖ్యముగా తోచు ప్రశ్న.

విహారనౌకను బాడుగకు ఇచ్చినచో అది వ్యాపారమగును. అట్టివానికి వర్తకనౌకల నియమములు యథాతథముగా అతుకవు గనుక బ్రిటన్ 1997లో పెద్ద వాణిజ్య యాచ్‌ల కోడును ప్రచురించినది. దాని రెండవ రూపము 2004లోను, మూడవ రూపము 2012లోను వెలువడినవి. పండ్రెండుగురికి మించి ముప్పదియారుగురివరకు ప్రయాణికులను మోయు యాచ్‌లకు 2010లో వేరొక కోడు ఏర్పడినది. ఈ రెంటిని జతపరచి, బ్రిటన్, ఐల్ ఆఫ్ మ్యాన్, కెయ్‌మన్ దీవులు, బెర్ముడా మొదలగు ఎర్రపతాక సమూహమువారు 2017లో రెడ్ ఎన్‌సైన్ గ్రూప్ యాచ్ కోడు అను పేరున ప్రకటింపగా, అది 2019 జనవరి 1న అమలులోనికి వచ్చినది. మార్షల్ దీవులకును, మాల్టాకును తమ తమ యాచ్ కోడులు కలవు.

ఎర్రపతాక కోడు ప్రథమభాగము వర్తించుటకు నాలుగు లక్షణములు కావలెను: ఓడ భారరేఖ పొడవు 24 మీటర్లకు తక్కువ కాకుండుట, క్రీడావినోదములకు వాణిజ్యముగా వినియోగపడుట, పండ్రెండుగురికి మించి ప్రయాణికులు లేకుండుట, సరకు మోయకుండుట. సహాయనౌకకు చిక్కంతయు ఈ నాలుగవదానియందున్నది. డెక్కుమీద కట్టియున్న టెండర్ పడవ ఓడ ఉపకరణమా, సరకా? అది ఈ ఓడదే యైనచో ఉపకరణమనవచ్చును. పొరుగు యాచ్‌నకు చెందినదై, ఈ ఓడ దానిని చేరవేయుటకు మాత్రమే ఉన్నచో, సరకు కాదని చెప్పుట సులభము కాదు. యాచ్ అవసరములకై ఇంధనమును, ఆహారమును మోయునపుడు ఈ సందేహము మరింత బలపడును.

ఈ కారణముచే సహాయనౌక యజమానికి మూడు నాలుగు మార్గములే మిగులును. స్వంత వినోదమునకే నని చెప్పి విహారనౌకగా నమోదు చేయించుట ఒకటి. నియమములు తేలిక, కాని బాడుగకు ఇయ్యరాదు. వాణిజ్య యాచ్‌గా కోడును అనుసరించుట రెండవది. 500 దాటినచో సోలాస్‌నంతటిని శిరసావహించి సరకుల ఓడగా నడచుట మూడవది. ప్రత్యేక సిబ్బంది పండ్రెండుగురికి మించినచో ప్రత్యేక ప్రయోజన నౌకగా నిలుచుట నాలుగవది. మొదటి మార్గమున పత్రములు తక్కువ, వ్యయము తక్కువ. చివరి రెంటియందు ఓడ ఎందరిచేత ఎన్ని పనులకైనను వినియోగపడగలదు, దానిని తరువాత చమురు పరిశ్రమకో పరిశోధనకో అమ్మవలసి వచ్చినను విలువ నిలుచును.

పతాకరాజ్యము, వర్గీకరణ సంస్థ

ఓడను పరీక్షించు అధికారము ఇద్దరి చేతులలో నున్నది. సముద్రమున ప్రతి ఓడకు ఒక జాతీయత యుండవలెను; ఏ రాజ్యపు పతాకమును ఎగురవేయునో ఆ రాజ్యమే దాని నిర్మాణమునకు, సిబ్బంది సంఖ్యకు, పనిపరిస్థితులకు బాధ్యత వహింపవలెనని 1982 నాటి సముద్రచట్ట ఒప్పందము విధించుచున్నది. ఏ కోడు వర్తించునో నిర్ణయించునది ఈ పతాకరాజ్యమే. ఉక్కు మందము, అతుకుల దృఢత్వము, యంత్రముల అమరిక, విద్యుత్తు తీగెల ఏర్పాటు తగినట్లున్నవని సాక్ష్యము పలుకునవి వర్గీకరణ సంస్థలు. 1760లో లండను కాఫీశాలలో వర్తకుల నడుమ పుట్టిన లాయిడ్స్ రిజిస్టర్, 1828 నాటి బ్యూరో వెరిటాస్, 1861 నాటి ఇటలీ దేశపు రీనా, 1862 నాటి అమెరికన్ బ్యూరో, 1864 నాటి నార్వే దేశపు డి.ఎన్.వి. వీనిలో ప్రధానములు. మన దేశమున ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ 1975లో ఏర్పడినది. పతాకరాజ్యములు తమ తనిఖీలో పెద్దభాగమును ఈ సంస్థలకే అప్పగించుట ఆచారము.

వర్గము పొందిన ఓడను ఏటేట పరీక్షింతురు. అయిదేండ్లకొకమారు సంపూర్ణపరీక్ష జరుగును. ఆ అయిదేండ్లలో రెండుమారులు ఓడ అడుగును పరీక్షింపవలెను. సహాయనౌక విషయమున పరీక్షకుని కన్ను ముఖ్యముగా క్రేనుమీద నిలుచును. నిలుకడ నీటిలో పది టన్నులెత్తగల క్రేను, ఓడ అటునిటు ఊగుచుండగా అంత బరువెత్తలేదు. ఎత్తబడిన పడవ గాలిలో నున్నంతసేపు దాని బరువు క్రేను కొసన వ్రేలాడినట్లే లెక్క గనుక ఓడ గురుత్వకేంద్రము పైకి జరిగి, ప్రక్కకు ఒరుగుటకు దారితీయును. 2026 జనవరి 1నుండి ఓడలమీది ఎత్తుయంత్రములకు సోలాస్‌లోనే ప్రత్యేక నిబంధన అమలులోనికి వచ్చినది.

గదిలో దాగిన ఆవిరి

ఈ నియమములు కాగితములమీది ఆడంబరము కావని తెలియుటకు, పడవలుంచు మూతగది యొకదానిని దగ్గరగా పరికింపుదము. సోలాస్ క్రింద ఓడ తన యంత్రములకు వాడు నూనెకు జ్వలనాంకము 60 డిగ్రీల సెంటిగ్రేడునకు తక్కువ కారాదు. అనగా ఆ వేడికి లోపల దాని ఆవిరి నిప్పురవ్వకు అంటుకొనదు. హెలికాప్టరు వాడు జెట్ ఇంధనమునకు ఆ అంకము 38 డిగ్రీలే. నీటిస్కూటరులోని పెట్రోలునకు సున్నకు దిగువ నలువది డిగ్రీల ప్రాంతము. కావున ధ్రువప్రాంతపు చలిలో సైతము మూత సరిగా బిగింపని పెట్రోలు తొట్టినుండి లేచు ఆవిరి అంటుకొనుటకు సిద్ధముగా నుండును. పైగా ఆ ఆవిరి గాలికంటె మూడునాలుగు రెట్లు బరువైనది. పైకి పోక నేలమీద పరచుకొని, పల్లము వెదకికొనుచు, తలుపు సందుదాటి, మెట్లు దిగి, దూరమున నున్న యంత్రపుగది చేరగలదు.

ఇంధనముతో నిండిన వాహనములను మోయు మూతగదులకు సోలాస్ పెట్టిన నియమమును చూడుడు. సరకుల ఓడలో అట్టి గది గాలిని గంటకు ఆరుమారులైన పూర్తిగా మార్చగల యంత్రము లుండవలెను. డెక్కునుండి 450 మిల్లీమీటర్ల ఎత్తులోపల నున్న విద్యుత్పరికరములు పేలుడువాయువులలో పనిచేయుటకు తగినవై యుండవలెను. అంతకు పైన, గాలిని గంటకు పదిమారులైన మార్చుచున్నచో, రవ్వలు బయటికి రాని పరికరములు చాలును. మోకాలెత్తు గీతకు దిగువనొక నియమము, ఎగువనొక నియమము; పెట్రోలు ఆవిరి భారము నెరిగిన భౌతికశాస్త్రమే ఇచ్చట చట్టరూపము ధరించినది. యాచ్ కోడులు సైతము పెట్రోలు పడవలుంచు గదులకు వాయుప్రసారమును, ఆవిరిని పసిగట్టు పరికరములను, నీరు చల్లు ఏర్పాటును కోరుచున్నవి. హెలికాప్టరు దిగు డెక్కునకు బలము, చుట్టును అడ్డులేని ఆకాశము, నురుగుతో మంటనార్పు సాధనములు కావలెను.

నావికుడు, సముద్రము

ఓడ జాతి మారినపుడు నావికుని అర్హతయు మారును. యాచ్‌లకు మాత్రమే చెల్లు కెప్టెన్ పత్రములను బ్రిటిష్ అధికారులు వేరుగా ఇత్తురు. 500 లోపు యాచ్‌లకొకటి, 3,000 లోపు యాచ్‌లకొకటి. సహాయనౌక సరకుల ఓడగా నమోదైనచో ఆ పత్రము చాలదు. వర్తకనౌకా పత్రము కావలెను. 2013 ఆగస్టు 20న అమలులోనికి వచ్చిన సముద్ర కార్మిక ఒప్పందము సాధారణముగా వాణిజ్యమున నున్న ఓడలకు వర్తించును. దాని ప్రకారము విశ్రాంతిగంటల పద్ధతి పాటించు ఓడలో ఇరువదినాలుగు గంటలలో పదిగంటలకు తక్కువ కాని విశ్రాంతియు, వారమున డెబ్బదియేడు గంటల విశ్రాంతియు నావికుని హక్కు. యజమాని వినోదమునకు మాత్రమే నమోదైన ఓడ ఈ ఒప్పందము నీడకు వెలుపల నిలుచును.

సముద్రమునకును ఇట్టి హక్కు కలదు. చెత్తను సముద్రమున పారవేయుటను నిషేధించు మార్పోల్ అనుబంధము విహారనౌక, పనినౌక అను భేదము లేక సర్వనౌకలకు వర్తించును. మురుగునీటి నియమములు అంతర్జాతీయ ప్రయాణమున నున్న 400 దాటిన ఓడలకును, అంతకు చిన్నవైనను పదునైదుగురికి మించి మోయుటకు పత్రము పొందినవానికిని వర్తించును. నత్రజని ఆక్సైడులను మొదటి అంచె ప్రమాణముకంటె ఇంచుమించు నూటికి ఎనుబదిపాళ్లు తగ్గించు మూడవ అంచె యంత్రప్రమాణము 2016 జనవరి 1న గాని ఆ తరువాత గాని నిర్మాణము ఆరంభమైన ఓడలకు ఉత్తర అమెరికా తీరమున వచ్చినది. 24 మీటర్లు దాటి 500 లోపునున్న శుద్ధ విహారనౌకలకు మాత్రము 2021వరకు గడువు దొరకినది. ఆ గడువు దొరకుట కూడ ఓడకు విహారనౌక యను పేరు కలుగుటమీదనే ఆధారపడియుండెను.

కావున ఓడ ఏ పనిచేయునో, ఎవరిని మోయునో, ఎంత చోటును మూసియుంచునో అనునవే దాని జాతిని నిర్ణయింపవలెను; అది ఎవరి వెనుక పోవునో అనునది కాదు. బరువులెత్తుచు, పెట్రోలు మోయుచు, రాత్రింబగళ్లు నడచు ఓడ పనినౌకయే. దానికి పనినౌక నియమములే న్యాయము. విశాఖపట్టణమునుండియు, కాకినాడనుండియు, ఇతర తెలుగు ప్రాంతములనుండియు సముద్రవృత్తికి పోవు యువకులకు నేను చేయు మనవి ఇది: ఇట్టి ఓడలో ఉద్యోగము దొరకినపుడు జీతమొక్కటే అడుగక, ఆ ఓడ పతాకమేది, విహారనౌకగా నమోదైనదా వాణిజ్యనౌకగానా, గ్రాస్ టన్నేజి ఎంత, సముద్ర కార్మిక ఒప్పందము వర్తించునా అని అడిగి, ఉద్యోగపు ఒప్పందపత్రమును చదివి, ఆ పిమ్మటనే సంతకము చేయుడు. ఉద్యోగము చూపినందులకు నావికునియొద్ద రుసుము తీసికొనుట సముద్ర కార్మిక ఒప్పందమునకు విరుద్ధము. వైద్యపరీక్షపత్రము, నావికుని పుస్తకము, పాస్‌పోర్టు వంటివాని ఖర్చు తప్ప మరేదియు మీరు భరింపవలసిన పని లేదు.